ఒకరిది దగ్గు మందు, మరొకరిది దొంగ మందు

సంపాదకులకు,

గత ఆదివారం మీ క్రీడాపుటలో టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెం గురించి అచ్చయిన వ్యాసం, ఆ పందెంలో ముందు నిలిచినవాళ్లంతా ఏదో ఒక మందు ఎక్కించుకున్నవాళ్లేనని, పట్టుబడకపోవడం వారి తెలివికే గాని నిజాయితీకి గుర్తు కాదని ఒక్క కలంపోటుతో తేల్చేసింది. ఆ పక్కనే, ఒకప్పుడు నిషిద్ధ పదార్థం వాడినట్టు తేలి నిషేధానికి గురైన భారత క్రికెటర్ మళ్లీ పరుగుల బాట పట్టాడన్న వార్తలో మాత్రం ఆ నిషేధం ఊసైనా లేదు. ఇది ఒక పుటను దిద్దినవారి ఏమరుపాటు అనుకుని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. తెలుగు క్రీడాభిమానుల్లో ఎంతో కాలంగా పాతుకుపోయిన రెండు నాల్కల ధోరణికి అది అచ్చు రూపం.

సైకిల్ పందేల మీద అనుమానం ఊరికే పుట్టలేదన్నది కాదనలేని మాట. ఎర్ర రక్తకణాలను పెంచి కండరాలకు ఎక్కువ ప్రాణవాయువు అందేలా చేసే ఈపీఓ అనే హార్మోన్ 1990ల్లో ఆ ఆటను లోపలినుంచి తొలిచేసింది. 1998లో ఫెస్టినా సైకిల్ జట్టు కారులో మందుల నిల్వ దొరికింది. 1999లో ఇటలీ అభిమాన వీరుడు మార్కో పంతానీ రక్తంలో ఎర్ర కణాల పాలు అనుమతించిన 50 శాతాన్ని దాటి 52కు చేరడంతో, గెలుపు చేతికందిన ఇటలీ సైకిల్ పందెం జిరో నుంచి అతడు వైదొలగవలసి వచ్చింది. 2012లో లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1999 నుంచి 2005 దాకా గెలిచిన ఏడు టూర్ టైటిళ్లనూ పోగొట్టుకుని, మరుసటి జనవరిలో టీవీ ముందు నేరం ఒప్పుకున్నాడు. ఇంత చూసిన ప్రేక్షకుడు గెలిచినవాణ్ని నమ్మడానికి తటపటాయిస్తే తప్పుపట్టడానికి లేదు. తప్పల్లా ఆ తటపటాయింపు మనిషిని బట్టి, జెండాను బట్టి మారిపోవడంలోనే ఉంది.

ఇందుకు రెండు కేసులను పక్కపక్కన పెడితే చాలు. ఉబ్బసం ఉన్న ప్రతి తెలుగింట్లో ఆస్తాలిన్ పఫ్‌గా పరిచయమైన మందు అసలు పేరు సాల్బుటమాల్. ముడుచుకుపోయిన శ్వాసనాళాలను సడలించి ఊపిరి ఆడేలా చేయడం దాని పని. కొంత మోతాదు దాకా దాన్ని పీల్చడానికి ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ, అంటే వాడా, అనుమతిస్తుంది గాని, మూత్రంలో అది మిల్లీలీటరుకు 1,000 నానోగ్రాములు దాటితే వివరణ అడుగుతుంది. 2017 సెప్టెంబరులో స్పెయిన్ పందెంలో బ్రిటన్ సైకిలిస్టు క్రిస్ ఫ్రూమ్ నమూనాలో సుమారు 2,000 నానోగ్రాములు కనిపించాయి. విచారణ సాగుతుండగానే అతడు 2018 మే నెలలో జిరో గెలవడం, జులైలో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య కేసు మూసేయడం చూసి, మన క్రీడాభిమానులు అతణ్ని దొంగ అనడానికి క్షణం ఆలోచించలేదు. 2019 ఫిబ్రవరి 22న ఇందోర్‌లో భారత క్రికెటర్ పృథ్వీ షా ఇచ్చిన నమూనాలో దొరికిన టెర్బుటలిన్ కూడా సాల్బుటమాల్ కుటుంబానికే చెందిన మందు. దానికి ముందస్తు అనుమతి లేకుండా ఏ మోతాదూ చెల్లదు. దగ్గు మందులో ఉన్న సంగతి తెలియక తాగానన్న అతని వివరణను క్రికెట్ బోర్డు అంగీకరించి, జులై నెలాఖరులో ఎనిమిది నెలల నిషేధం ప్రకటించి, దాన్ని మార్చి 16 నుంచే లెక్కగట్టింది. అంటే నిషేధంలో ఉన్నట్టు కాగితం మీద లెక్కకెక్కిన రోజుల్లోనే అతడు మైదానంలో ఐపీఎల్ ఆడాడు. విచారణలో ఉన్నవాడు పందెంలో దిగడం ఘోరమన్న నోళ్లకు ఈ వింత ఘోరంగా తోచలేదు. షా అబద్ధమాడాడనీ, ఫ్రూమ్ నిర్దోషి అనీ చెప్పడం ఈ లేఖ ఉద్దేశం కాదు. ఒకరి దగ్గును నమ్మినవాళ్లు మరొకరి ఉబ్బసాన్ని నమ్మకపోవడానికి కారణమేమిటో చెప్పగలగాలి.

ఈ తేడా విదేశీ వీరుల వరకే పరిమితమైతే పట్టించుకోవలసిన పని ఉండేది కాదు. ఏ.ఎస్. రావు నగర్‌లోని ఒక అపార్ట్‌మెంటులో ఇంటర్ చదువుతున్న ఒక కుర్రవాడు తెల్లవారకముందే సైకిలెక్కి నాగారం మీదుగా కీసరగుట్ట దాకా వెళ్లి వస్తుంటాడు. రాగిజావ, అరటిపళ్లు తప్ప ప్రత్యేకమైన తిండి ఎరగడు. చిన్నప్పటి నుంచి పిల్లికూతలతో బాధపడుతున్నందువల్ల డాక్టరు రాసిచ్చిన పఫ్ జేబులో పెట్టుకుంటాడు. ఒక స్థానిక పోటీలో అతడు మొదట నిలిచిన నాటి నుంచి ఆ పఫ్ అపార్ట్‌మెంటు మొత్తానికి చర్చనీయాంశమైంది. పందానికి ముందు ఏదో పీల్చుకోవడం కళ్లారా చూశామన్నవారు కొందరైతే, లిఫ్టు దగ్గర తల్లిని ఆపి "మీవాడికి ఏం పట్టిస్తున్నారమ్మా?" అని అడిగినవారు మరికొందరు. 2019లో షా వార్త వచ్చిన రోజున కింద పార్కింగులో నిలబడి, పాపం దగ్గు మందుకే కుర్రాడి జీవితం నాశనం చేస్తారా అని బోర్డును తిట్టిపోసినవాళ్లే వీళ్లు. ఇప్పుడా పిల్లవాడు ఊపిరి ఆడకపోయినా నలుగురిలో పఫ్ తీయడు. వాటర్ ట్యాంకు వెనక్కి వెళ్లి, గోడకు ఆనుకుని, రెండుసార్లు పీల్చి, మూత పెట్టి, మూతి తుడుచుకుని వస్తాడు. డాక్టరు చీటీ ఉన్న మందును దొంగసరుకులా దాచుకోవలసిన గతి పదిహేడేళ్ల పిల్లవాడికి పట్టించిన పెద్దలు, ఎలక్ట్రానిక్ పరికరాల సంస్థ ఈసీఐఎల్ స్థాపకులైన అయ్యగారి సాంబశివరావుగారి పేరు పెట్టుకున్న కాలనీలో ఉంటున్నారు. కొలత పరికరాలు తయారుచేసి బతికిన కుటుంబాలు అనేకం ఉన్న ఈ కాలనీలో, కొలవకుండానే తీర్పు చెప్పడం మరింత బాధాకరం.

ఆ కుర్రవాడి సంగతి వచ్చింది గనుక మరో మాట చెప్పక తప్పదు. 2002 జాతీయ క్రీడల కోసం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కట్టిన వెలోడ్రోమ్ మీద, అంటే వాలుగోడల సైకిల్ పందేల బరి మీద, జరిగే పోటీల ఫలితాలు మీ పత్రికలో కాగడా పెట్టి వెతికినా కనిపించవు. గెలిస్తే రాయని పత్రిక, ఆ ఆటలో మందుల సంగతి రాయడానికి మాత్రం అరపుట కేటాయించింది.

అసలు విషయానికి వస్తే, ఎవరి మీద ఎక్కువ పరీక్షలు జరిగితే వాళ్లే ఎక్కువ దొంగలుగా కనిపించడం ఈ లోపభూయిష్టమైన చూపు ఫలితం. క్రీడాకారుడి రక్త పరీక్షల ఫలితాలను ఏళ్ల తరబడి నమోదు చేసి, అసహజమైన మార్పులను పసిగట్టే జీవ పాస్‌పోర్టును సైక్లింగ్ 2008లోనే అమల్లోకి తెచ్చింది. రోజుకొక గంట ఎక్కడ ఉంటారో ముందుగా తెలియజేయాలన్న ఆచూకీ నిబంధనను 2009లో తోసిపుచ్చిన భారత క్రికెట్ బోర్డు, జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ, అంటే నాడా, పరిధిలోకి వచ్చింది 2019 ఆగస్టులో, అదీ షా ఉదంతం తర్వాతనే. వాడా లెక్కల ప్రకారం 2023లో భారత్‌లో పరీక్షించిన 5,606 నమూనాల్లో 214 పాజిటివ్‌గా తేలాయి, ఈ 3.8 శాతం, అయిదు వేలకు పైగా పరీక్షలు జరిపిన దేశాలన్నిటిలోకీ ఎక్కువ. ఫ్రాన్స్ కొండదారుల వైపు వేలు చూపించే ముందు ఈ అంకెను ఏ సంపాదకుడైనా ఒకసారి చూడాలి.

హైదరాబాద్‌లో గోపీచంద్ అకాడమీలో శిక్షణ పొందిన ఒడిశా పరుగుల రాణి ద్యుతీ చంద్ విషయంలో జరిగింది మరీ అన్యాయం. 2014లో ఆమెను పోటీలకు దూరం పెట్టింది శరీరంలో సహజంగా ఊరే హార్మోన్ మోతాదు కారణంగా. అది డోపింగ్ కాదు, 2015లో క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం ఆ హార్మోన్ నియమాన్నే నిలిపివేసింది. అయినా అప్పుడే ఆమెను మందుల మనిషి అన్నవాళ్లు, 2018 ఆసియా క్రీడల్లో రెండు రజతాలు రాగానే మన బిడ్డ అన్నారు. కండ పెంచే నిషిద్ధ పదార్థాలు 2022 డిసెంబరు నమూనాల్లో నిజంగానే దొరికి, నాలుగేళ్ల నిషేధం పడ్డాక, ముందే చెప్పామని చంకలు గుద్దుకున్నారు. మొదటి అనుమానం తప్పన్న సంగతి రెండో తీర్పుతో మాసిపోదు. ఆ పదార్థాలు టెర్బుటలిన్ కన్నా తీవ్రమైన తరగతివి గనుక శిక్ష పెద్దది కావడం సబబే. కాని బోర్డు అండ, వకీళ్ల బలం లేని అథ్లెట్‌కు దగ్గు మందు అన్న మాట వినే చెవి ఇక్కడ ఎవరికి ఉంది?

ఇకమీదట ఏ ఆటలోనైనా, ఏ దేశస్థుడి మీదనైనా డోపింగ్ వార్త అచ్చువేసేటప్పుడు పదార్థం పేరు, నమూనా తీసిన తేదీ, తీర్పు చెప్పిన సంస్థ, నిషేధం ఏ రోజు నుంచి లెక్కకు వచ్చిందన్న వివరం మీ పత్రిక విధిగా ఇవ్వాలి. దానితోపాటు, గత ఏడాది రెండు తెలుగు రాష్ట్రాల క్రికెటర్ల నుంచి పోటీలు లేని రోజుల్లో ఎన్ని నమూనాలు సేకరించారో, అథ్లెట్లు, వెయిట్‌లిఫ్టర్లు, సైకిలిస్టుల నుంచి ఎన్ని సేకరించారో నాడాను అడిగి, ఆ అంకెలు రెండూ ఒకే పుటలో ప్రచురించాలి.

— ఒక పాఠకుడు,
ఏ.ఎస్. రావు నగర్, సికింద్రాబాద్