వడ్డించేవాళ్ళకి ఆకలుండదా?

మా ఇంట్లో పోపుల డబ్బాలో పాచికలున్నాయంటే మీరు నవ్వుతారు. ఒట్టు, నిజం! ఆవాలుండాల్సిన గిన్నెలో నాలుగు ముఖాలది, జీలకర్ర గిన్నెలో ఎనిమిది ముఖాలది, నట్టనడుమ గిన్నెలో ఇరవై ముఖాలది. సెట్టుకి ఏడు పాచికలు, డబ్బాలో ఏడు గిన్నెలు, భగవంతుడే కుదిర్చినట్టు సరిపోయాయి. మూత సరిగా పట్టడం లేదని నేను కొత్త డబ్బా కొనుక్కుంటే, పాతది మా అమ్మాయి పట్టుకుపోయింది.

మేముండేది ఫిలింనగర్లో. మావారు ముప్ఫయ్యేళ్ళపాటు ఎడిటింగ్ గదుల్లోనే కాలం గడిపిన మనిషి. అమ్మాయి జూబిలీహిల్స్‌లో సినిమాలకి గ్రాఫిక్సు చేసే ఆఫీసులో వుంది. శనివారం రాత్రయితే దాని స్నేహితులు నలుగురు మా డైనింగు టేబుల్ చుట్టూ చేరతారు. ఒకడు సినిమా కథల దగ్గర అసిస్టెంటు. ఒకమ్మాయి డబ్బింగు చెబుతుంది. ఇంకొకడు సాఫ్ట్‌వేరు. నాలుగోది బాంకు పిల్ల. వీళ్ళు ఆడేది ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆట.

ఆటంటే పేకాట అనుకునేరు! కాదు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ చూడనివాళ్ళు మనలో వుండరు గదా. శశిరేఖ రూపంలో వున్న ఘటోత్కచుడిగా సావిత్రి ఎలా చేసిందో గుర్తు తెచ్చుకోండి. పైకి శశిరేఖ, లోపల ఘటోత్కచుడు. ఈ ఆటా అంతే. బాంకు పిల్ల మూడు గంటలసేపు మంత్రగత్తె అయిపోతుంది. సాఫ్ట్‌వేరు కుర్రాడు గొడ్డలి పట్టిన వీరుడవుతాడు. రంగూ లేదు, వేషమూ లేదు, అంతా మాటల్లోనే. వాళ్ళకెదురుగా ఒకరు కూర్చుని, “మీరు గుహలోకి వచ్చారు. లోపల ఏదో గురక వినిపిస్తోంది. ఏం చేస్తారు?” అని అడుగుతారు. వాళ్ళు చెయ్యదలచింది చెప్పి పాచిక వేస్తారు. పడ్డ అంకెని బట్టి కథ నడుస్తుంది. అలా అడిగి నడిపించేవారిని గేమ్ మాస్టర్ అంటారు. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు ఈ ఆటని మార్కెట్లోకి తెచ్చారు. చిన్నప్పుడు మనం ‘నేను పెళ్ళికొడుకు తరఫు, నువ్వు పెళ్ళికూతురు తరఫు’ అని ఆడుకున్న బొమ్మల పెళ్ళికి నాలుగు రూళ్ళు, గుప్పెడు పాచికలు కలిపితే ఇదేనని నాకనిపిస్తుంది.

మా ఇంట్లో గేమ్ మాస్టర్ మా అమ్మాయే. శనివారం ఆటకి బుధవారం నుంచే ఏర్పాట్లు. ఆఫీసు నుంచి పదింటికొచ్చి, అన్నం కంచం పక్కన పెట్టుకుని మ్యాపులు గీసేది. ఎనిమిది నెలలు ఇలా సాగింది.

కానీ టేబుల్ దగ్గర ఒకటే సణుగుడు. సాఫ్ట్‌వేరు కుర్రాడికి యుద్ధం కావాలి, లెక్క చూసుకుని దెబ్బ కొట్టాలి. కథలబ్బాయికి మలుపులు కావాలి, యుద్ధం గంటసేపు సాగితే ఆవలిస్తాడు. డబ్బింగమ్మాయికి తన పాత్ర గొంతుతో మాట్లాడాలి. సత్రం యజమానితో గది అద్దెకి అరగంట బేరమాడుతుంది, ఆ అరగంటా మిగతావాళ్ళు ఫోన్లు చూసుకుంటారు. బాంకు పిల్లకి నలుగురి మధ్య కూర్చుని నవ్వుకుంటే చాలు, నా పకోడీలుంటే మరీ చాలు.

ఒక శనివారం అందరూ వెళ్ళాక చూద్దును గదా, అమ్మాయి మ్యాపు మడిచి ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తోంది. “ఎవరికీ నచ్చట్లేదమ్మా. నాకే చాతకావడం లేదు” అంది. ఏళ్ళ తరబడి ఈ ఆటలాడిన పెద్దమనిషినొకాయన్ని సలహా అడిగిందట. “ఆటలో ఏ లోపమూ లేదు. గేమ్ మాస్టర్ గట్టివాడైతే ఏ ఆటతోనైనా, ఎవరినైనా మెప్పించగలడు” అన్నాడట ఆయన.

నాకు ఒళ్ళు మండిపోయింది! ఈ మాట నేనెక్కడ వినలేదు కనక? కూర బాగుంటే “వంకాయలు లేతగా వున్నాయి” అంటారు. బాగోకపోతే “ఇవాళ నీ చెయ్యి బాగాలేదు” అంటారు. మామగారికి కారం లేకుండా, మరిదికి కారంగా, పిల్లలకి తియ్యగా ఒకే గిన్నెలో వండలేకపోతే అది మన చాతకానితనమట! ఆ పెద్దమనిషి మాటా అచ్చం అదే.

ఇంతకీ నేను చెప్పొచ్చేదేమిటంటే, అన్ని ఆటలూ ఒకటి కావు, అందరు ఆటగాళ్ళూ ఒకటి కారు. ఈ రెండూ ఒప్పుకోకుండా ఆడించేవాళ్ళని తప్పుపట్టడం అన్యాయం.

ఆ రాత్రి నుంచి అమ్మాయి పుస్తకాలన్నీ తిరగేశాను. డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌కి ముఖ్యమైనవి మూడు పుస్తకాలు, ఒక్కోటి మూడొందల పేజీల పైచిలుకు. అందులో కత్తులకి, మంత్రాలకి, రాక్షసులకి ఎంత చోటిచ్చారో చూస్తే ఆ ఆట దేనికోసం పుట్టిందో తెలిసిపోతుంది. పోరాడి, గెలిచి, బలం పెంచుకోవడంలో వున్న మజా కోసం. అది తప్పా? ఎంతమాత్రం కాదు. 1981లో వచ్చిన ‘కాల్ ఆఫ్ కథుల్హూ’ వుంది, దాని పేరు పలకడానికే నాకు వారం పట్టింది. అందులో మనం వీరులం కాము. ఏదో రహస్యం తవ్వుకుంటూ పోయే మామూలు మనుషులం. భయంకరమైనవి చూసినకొద్దీ మన మతి స్థిమితం అంకెల్లో తగ్గుతూ వస్తుంది. అక్కడ కత్తి దూసి లాభంలేదు. 2009లో జేసన్ మార్నింగ్‌స్టార్ రాసిన ‘ఫియాస్కో’కి అసలు గేమ్ మాస్టరే అక్కర్లేదు. అత్యాశకి పోయిన మామూలు మనుషుల పథకం ఎలా తల్లకిందులయిందో అందరూ కలిసి అల్లుతారు, ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. ‘గుడ్ సొసైటీ’ అని ఇంకొకటి, జేన్ ఆస్టిన్ నవలల తరహాలో. పెళ్ళి సంబంధాలు, పుకార్లు, ఉత్తరాలు. ఒక్క కత్తి లేదు! ఇది మన సీరియల్ పాఠకులకి కొట్టిన పిండి కాదూ?

మరి మనుషుల సంగతి? 1980లోనే గ్లెన్ బ్లాకో అనే ఆయన ఒక పత్రికలో ఆటగాళ్ళ అభిరుచుల్ని నాలుగు రకాలుగా విడదీశాడు. బలం పెంచుకోవాలనేవాళ్ళు, పాత్రలో లీనం కావాలనేవాళ్ళు, యుద్ధ వ్యూహం కావాలనేవాళ్ళు, కథ కావాలనేవాళ్ళు. 2002లో రాబిన్ లాస్ అనే రచయిత ఏకంగా ఏడు రకాలు చెప్పాడు. అందులో ఊరికే సరదాకి వచ్చి కూర్చునేవాళ్ళకి కూడా ఒక చోటిచ్చాడు. అమ్మయ్య, మా బాంకు పిల్ల దొరికింది!

ఇవన్నీ దొరల పుస్తకాల్లోనే వున్నాయనుకోకండి. మన అష్టావధానం చూడండి. ఎనిమిదిమంది పృచ్ఛకులు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది, ఒకరు నిషిద్ధాక్షరి. ఎవరేం అడగబోతున్నారో సభ మొదలుకాకముందే నిర్ణయమై వుంటుంది. మధ్యలో అడ్డం వచ్చి కబుర్లాడేవాడిని సైతం బయటికి పంపరు. అప్రస్తుత ప్రసంగం అని పేరుపెట్టి దర్జాగా కుర్చీ వేస్తారు. అవధాని కూడా తనకి తెలిసిన విద్యకే ఒప్పుకుని వేదిక ఎక్కుతాడు. ఆయన్ని పట్టుకుని “ఇప్పుడు బుర్రకథ చెప్పు” అని ఎవరైనా అడిగి, చెప్పకపోతే చాతకానివాడంటే మనం ఊరుకుంటామా?

మావారు మాత్రం నాతో వాదానికి దిగారు. “మాయాబజార్ అందరికీ నచ్చింది కదే! పిల్లలకి మాయలు, పెద్దలకి మాటలు, అందరికీ పాటలు. ఒకే ఆటలో అన్నీ ఎందుకు పెట్టకూడదు?” అన్నారు. బాగానే వుంది. సినిమాలో నచ్చని సీనొస్తే ప్రేక్షకుడు చీకట్లో పల్లీలు తింటూ మంచి సీను కోసం కాచుకుంటాడు. ఈ టేబుల్ దగ్గర కూర్చున్నవాడు ప్రేక్షకుడు కాదు, వేషగాడు. గంటసేపు వేషం లేకుండా కూర్చోబెడితే వాడికి ఆ రాత్రి పోయినట్టే. పైగా, “మీ గదిలో మీకు కత్తెరుంది. దాని చేతిలో కత్తెరేదండీ?” అన్నాను. మావారు మాట్లాడలేదు. ముప్ఫయ్యేళ్ళ పెళ్ళిలో ఇలాంటి గెలుపులు అరుదు లెండి.

ఇంకొందరంటారు: కొత్త ఆటంటే మళ్ళీ కొత్త రూళ్ళు, ఎవరు నేర్చుకుంటారు? దీన్ని కొట్టిపారెయ్యను. ఉద్యోగాలు చేసుకునే పిల్లలకి మూడొందల పేజీలు చదవడం తమాషా కాదు. కానీ నచ్చని ఆటని నచ్చేలా చెయ్యడానికి మా అమ్మాయి పడ్డ పాటు చూడండి. రాత్రుళ్ళు ఎన్ని రూళ్ళు కొట్టేసి, ఎన్ని కొత్తవి రాసిందో! ఆ శ్రమలో సగంతో రెండు చిన్న ఆటలు నేర్చుకోవచ్చు. అలాగని మనుషుల మీద చీటీలు అంటించమనీ అనను. ఇవాళ యుద్ధం కావాలన్నవాడికే ఆఫీసులో యుద్ధం జరిగిన వారం నవ్వు కావాలనిపిస్తుంది. అందుకే ఒకసారి కాదు, అప్పుడప్పుడూ అడుగుతూ వుండాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది చివరికి దాచాను. ఆటగాళ్ళకి ఏం కావాలో అందరూ రాశారు. మరి ఆడించేవాళ్ళకి? ఆ రాత్రి నేను మా అమ్మాయిని, “వాళ్ళ సంగతి సరే, నీకేం కావాలే?” అని అడిగాను. తెల్లమొహం వేసింది. ఎనిమిది నెలల్లో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అదీ అడుగుకోలేదు. చాలాసేపటికి మెల్లిగా అంది: “నాకీ యుద్ధాల లెక్కలు చిరాకమ్మా. పాత బంగళా, అందులో ఒక రహస్యం, భయం... అలాంటిది చెప్పాలని వుంది. అప్పుడప్పుడు నేను కూడా ఊరికే ఆడాలని వుంది.” పంక్తిలో అందరికీ వడ్డించి, చల్లారిన అన్నం తినే అలవాటు మనతో ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. కంప్యూటర్ ముందు పనిచేసే పిల్లకీ అంటుకుంది!

మర్నాడే నలుగుర్నీ పిలిపించి, పాచికలు పక్కన పెట్టించి, కబుర్లకి కూర్చోబెట్టాను. ఆట మొదలుపెట్టేముందు ఇలా కూర్చుని మాట్లాడుకోవడానికి ‘సెషన్ జీరో’ అని పేరుందట. సినిమావాళ్ళు స్టోరీ సిట్టింగంటారు, మనం తాంబూలాలంటాం. సాఫ్ట్‌వేరు కుర్రాడు మొదట నొచ్చుకున్నాడు. తర్వాత, “నేనే నడుపుతాను ఆంటీ, నాకా లెక్కలంటే ఇష్టం” అని డంజియన్స్ అండ్ డ్రాగన్స్ తీసుకుని తన ఆఫీసు స్నేహితులతో ఆదివారాలు మొదలుపెట్టాడు. మా అమ్మాయి నెలకి రెండు శనివారాలు పాత బంగళా కథ నడుపుతోంది. మిగతా వారాలు ఫియాస్కో, అదీ అందరితో సమానంగా ఆడుతుంది. అంతా సుఖాంతమని అబద్ధమాడను. ఆ కుర్రాడు శనివారాలు రావడం లేదు. అతని కుర్చీ చూసినప్పుడల్లా అమ్మాయి మనసు చివుక్కుమంటూనే వుంది. కానీ వాళ్ళిద్దరూ ఇప్పుడు ఫోన్లో నవ్వుతూ మాట్లాడుకుంటున్నారు. ఇంకో నాలుగు నెలలు అలాగే లాగివుంటే ఆ నవ్వు కూడా మిగిలేది కాదు.

మొన్న శనివారం ఒకరు తక్కువయ్యారని నన్నూ కూర్చోమన్నారు. కూర్చోబోతుంటే డబ్బింగమ్మాయి, “ఆంటీ, ముందు చెప్పండి, ఆటలో మీకేం కావాలి?” అని అడిగింది. నాకు వెంటనే ఏమీ తోచలేదు. యాభై ఎనిమిదేళ్ళొచ్చాయి, ఈ ప్రశ్నకి జవాబు తయారుగా లేదు నా దగ్గర! అందరూ నా మొహంకేసే చూస్తున్నారు.

చివరికి, “ఆటలో ఏమైనా ఫరవాలేదు గానీ, ఈ పూట పకోడీలు మాత్రం నేను వెయ్యను” అన్నాను.