పదును అంగడి సొత్తు కాదు

మొన్న ఉగాదికి అందరం కలిసినప్పుడు టొరంటోలో ఉండే మా తమ్ముడు ఫోన్లో మాట్లాడుతూ, కొడుకు ఐసు స్కేట్లకు ఇంట్లోనే పదును పెడుతున్నానన్నాడు. అంతే, చిన్నాన్న మొదలుకొని బెంగళూరు అత్త వరకూ అందరూ వాని మీద పడ్డారు. నాలుగు డబ్బులు మిగలాలని పిల్లవాని కాలు విరగ్గొడతావా, ఆ పని మనకెందుకురా అని. పండగపూట గొడవెందుకని నేను ఊరుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను. కోపం తెచ్చుకోవద్దు చిన్నాన్నా, మీరన్నది తప్పు.

'మనకెందుకు' అన్నది మరీ తప్పు. వేమగల్‌లో మన బావి దగ్గరి రాయి నడుమ పల్లం పడి ఉంది గదా, అది ఎవరి చేతుల్లో అరిగింది? రాగి కోతకు ముందురోజు సాయంత్రం తాత దాని ముందు గొంతుకూర్చుని, నీళ్లు చల్లుకుంటూ కొడవళ్లు నూరేవాడు. నూరినాక బొటనవేలితో అంచుకు అడ్డంగా తాకి చూసేవాడు. ఇనుము సన్నగా ఒక పక్కకు మడత పడి వేలికి తగిలితే, తిప్పి రెండో పక్క మెల్లగా లాగేవాడు. పదును పెట్టడంలో సగం పని ఆ మడత తియ్యడమే. స్కేటుకైనా అంతే.

చూడనివాళ్ల కోసం చెబుతాను. హాకీ స్కేటు బ్లేడు మందం సుమారు 3 మిల్లీమీటర్లు. దానికి కత్తి మాదిరి ఒకే అంచు ఉండదు. అడుగున పొడవునా సన్నటి కాలవ, దానికి అటూ ఇటూ రెండు గట్లు. ఐసును పట్టుకునేది ఆ గట్లే. కాలవ గుండ్రాన్ని అంగుళాల్లో చెబుతారు, అర అంగుళం మామూలు. కొలత తగ్గేకొద్దీ కాలవ లోతై ఐసును గట్టిగా కరుస్తుంది, పెరిగేకొద్దీ జారుడు ఎక్కువ. గట్లు రెండూ ఒకే ఎత్తులో లేకపోతే మలుపులో కాలు తప్పుతుంది.

పిల్లవాడు పడింది ఎప్పుడో తెలుసా? డిసెంబరులో, అంగడిలో పదును పెట్టించుకొచ్చిన మరుసటి రోజు. తమ్ముడు స్కేటును తిరగేసి, గట్ల మీద మన రూపాయి బిళ్ల అడ్డంగా పెట్టి చూస్తే అది ఒక పక్కకు వాలింది. అప్పట్నుంచే వాడు ఇంట్లో మొదలుపెట్టాడు. డబ్బు కోసం కాదు.

మిషను పని మిషనే చెయ్యాలంటారా? జేజి ఈలపీటను సంతలో కరెంటు చక్రం మీద పట్టించింది మరిచారా? అంచు నీలం రంగుకు తిరిగి వచ్చింది. ఉక్కు 300 డిగ్రీల దగ్గర తిరిగే రంగు అది. గట్టిదనం పోయి నెల తిరక్కుండా మొద్దుబారింది. తాత నీళ్లు ఊరికే చల్లలేదు. ఇంకో మాట, స్కేటు చక్రంలో ఉండే అల్యూమినియం ఆక్సైడూ మన కురువిందమూ ఒకటే సరుకు. ఇంగ్లీషువాళ్ల కొరండం అన్న పేరు కూడా మన దక్షిణాది మాట నుంచి పోయిందే.

ఒకటి ఒప్పుకుంటాను. కాలవ పూర్తిగా అరిగిపోతే, లేదా గట్టుకు పెద్ద నొక్కు పడితే, మామూలు రాయితో రుద్దకూడదు. కాలవ చదునైపోతుంది. దానికి గుండ్రం ముఖం ఉన్న చక్రం, బ్లేడు కదలకుండా పట్టే చట్రం కావాలి. అవి ఇళ్లలో పెట్టుకొనే సైజులోనూ దొరుకుతున్నాయి, లేదంటే అంగడికే పోవచ్చు. కానీ ఆట కాగానే తడి తుడవడం, తడి బ్లేడును ప్లాస్టిక్ తొడుగులో మూసిపెట్టకపోవడం, పక్కల మీద సన్నరాయితో మడత తియ్యడం, వీటికి అంగడి ఎందుకు?

అసలు మీకు భయం కాదు, నామోషీ. ఇంజనీరు అయ్యుండి కత్తులు నూరేవాని మాదిరి కూర్చుంటాడా అని. వేమగల్‌లో హెలికాప్టర్లు కూర్చే కార్ఖానా అని 2025లో పేపర్లో వస్తే మనమే చుట్టాలందరికీ పంపుకొని మురిసినాం. అందులో మాత్రం చేతులతో ఇనుము పట్టకుండా పని జరుగుతుందా?

కాంపౌండు గోడ పునాదిలోకి బావి దగ్గరి రాయి వేద్దామంటున్నారట. వెయ్యకండి. వేసవికి తమ్ముని కొడుకు వస్తున్నాడు. జేజి ఈలపీట కత్తిని వానితో ఆ రాయి మీదే నూరిస్తాను, పక్కన నేను కూర్చుంటాను. మీరూ రండి చిన్నాన్నా.