బంతి మళ్లీ ఎవరి చేతికి?



క్రికెట్ గురించి వ్రాస్తున్నామని పెద్దలు విసుక్కోవద్దు. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక, పటమటలో మన మందిరం పక్క సందులో ఆడుతున్న పిల్లల్లో ఒకడు క్యాచ్ వదిలేశాడు. తోటివాళ్లు తిట్టిన తిట్లు ఇక్కడ వ్రాయలేము. ఆ తర్వాత వాడికి బౌలింగ్ ఇవ్వనే లేదు. మాకు హైదరాబాద్ బౌలర్ మహమ్మద్ సిరాజ్ గుర్తొచ్చాడు.

2025 ఆగస్టు 3న లండన్ ఓవల్ మైదానంలో హ్యారీ బ్రూక్ కొట్టిన బంతిని సిరాజ్ చక్కగా పట్టుకున్నాడు. పట్టుకొని, చూసుకోక బౌండరీ తాడు తొక్కాడు. వికెట్ కావలసింది సిక్స్ అయింది. అప్పటికి 19 పరుగుల మీదున్న బ్రూక్ 111 చేశాడు. మరునాడు ఉదయం ఇంగ్లండ్‌కు కావలసినవి 35 పరుగులే, మనకు కావలసినవి 4 వికెట్లు. కెప్టెన్ శుభ్‌మన్ గిల్ ఆ తాడు తొక్కినవాడి చేతికే బంతి ఇచ్చాడు. నాలుగింటిలో మూడు వికెట్లు సిరాజే తీశాడు. 6 పరుగులతో గెలిచాం. ఆ సిరీస్‌లో ఐదు టెస్టులూ ఆడి అతను వేసిన బంతులు 1113.

అతని తండ్రి మహమ్మద్ గౌస్ గారు ఆటో నడిపేవారు. ఐపీఎల్‌లో సరిగా వేయలేని రోజుల్లో, ఆట మానేసి నాన్నతో ఆటో తోలుకోమని జనం ఎగతాళి చేశారని సిరాజే చెప్పుకున్నాడు. (ఆటో తోలడం అంత చిన్న పనా? మన మందిరం రేకులకు చందా ఇచ్చినవారిలో ఆటో అన్నలు ఎందరో లెక్కపెట్టండి.) 2020 నవంబరులో ఆయన చనిపోయేనాటికి కొడుకు ఆస్ట్రేలియాలో ఉన్నాడు. ఇంటికి వెళ్లవచ్చని బోర్డు చెప్పినా ఉండిపోయి, డిసెంబరులో మెల్‌బోర్న్‌లో మొదటి టెస్టు ఆడాడు.

అతని పట్టుదల గురించి అందరూ చెబుతారు. మాకైతే బంతి మళ్లీ ఇచ్చిన చెయ్యి కూడా అంత గొప్పగా కనబడుతోంది. ఈస్టర్ నాడు పాట మధ్యలో చరణం మరచిపోయిన తమ్ముణ్ని చూసి మనలో కొందరు నవ్వారు. మేమూ నవ్వాం. ఆ తర్వాత అతనికి మైకు ఇచ్చింది లేదు. మూడుసార్లు ఎరుగనన్న పేతురుకే ప్రభువు గొర్రెలను అప్పగించాడని ప్రసంగించేది కూడా మేమే! ఆ తమ్ముడు ఇప్పుడు చెప్పుల దగ్గర, వెనక వరుసలో కూర్చుని, ముగింపు ప్రార్థనకు ముందే వెళ్లిపోతున్నాడు.

నిన్న అతని ఇంటికి వెళ్లాం. నవ్వినందుకు క్షమించమన్నాం. ఈ ఆదివారం రెండవ పాట నువ్వే పాడాలని అడిగాం. ఇంకా సరే అనలేదు.