కొత్త కోచ్, పాత కొలబద్ద

అమెరికా నడిబొడ్డున, కనుచూపు మేర మొక్కజొన్న చేలతో నిండిన నెబ్రాస్కా అను రాష్ట్రము కలదు. జనసంఖ్య ఇంచుమించు ఇరువది లక్షలుగా నున్న ఆ రాష్ట్రమునకు రాజధాని యగు లింకన్ నగరములో, 1923లో నిర్మించిన మెమోరియల్ స్టేడియం, శరదృతువున విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ పోటీ జరుగు శనివారమునాడు ఎనుబది యైదు వేలకు పైబడిన జనముతో, తల మొదలు కాలి వరకు ఎర్రని దుస్తులు ధరించిన జనముతో క్రిక్కిరిసి, ఆ కొలది గంటలపాటు ఒమాహా, లింకన్ నగరముల తరువాత రాష్ట్రమునందు మూడవ పెద్ద పట్టణమగునని అచ్చటివారు సగర్వముగా చెప్పుకొందురు. 1962 నవంబరు 3వ తేదీ మొదలుకొని అచ్చట టిక్కెట్లన్నియు అమ్ముడుపోని పోటీ లేదని విశ్వవిద్యాలయమువారి లెక్క. ఆ జట్టు పేరు కార్న్‌హస్కర్స్. అనగా మన కరీంనగరు రైతు కళ్లములో కూర్చుండి చేయు పనియే, మొక్కజొన్న పొత్తులను ఒలుచువారని యర్థము.

అమెరికావారు ఫుట్‌బాల్ అనునది మన మెరిగిన ఫుట్‌బాల్ కాదు. కోలగా నుండు బంతిని చేతబట్టి, నాలుగు ప్రయత్నములలో పది గజములు ముందునకు సాగవలెనని ఒకరినొకరు క్రుమ్ముకొనుచు ఆడునట్టి ఆట యది; పాదమునకు పని తక్కువ. ఏడాదికి సాధారణముగా పండ్రెండే పోటీలు, అవియు వారమున కొక్కటి చొప్పున. మన క్రికెట్టులో నేడు ఓడిన జట్టు ఎల్లుండి గెలిచి ఊరడించును గాని, అచ్చట శనివారము ఓడినచో మరల శనివారము వచ్చువరకు ఆ ఓటమితోనే కాపురము చేయవలెను. పైగా నెబ్రాస్కాకు ఈ ఆటలో వృత్తిక్రీడాకారుల పెద్ద జట్టు ఏదియు లేదు. రాష్ట్రమంతటి అభిమానమును ఈ ఒక్క కళాశాల జట్టే భరించుచున్నది. ఆ జట్టు భారమంతయు కోచ్ భుజములపై నున్నది. గవర్నరు వార్షిక వేతనము ఒక లక్షా అయిదు వేల డాలర్లు కాగా, 2022 నవంబరులో మ్యాట్ రూల్ అను కోచ్‌ను ఎనిమిది సంవత్సరములకు 7 కోట్ల 40 లక్షల డాలర్లకు కుదుర్చుకొనిరనుట చేతనే, ఆ ప్రజలు ఎవరినుండి ఏమి కోరుచున్నారో తెలియగలదు.

వారు కోరునది గెలుపు మాత్రమే యైనచో ఈ వ్యాసము వ్రాయ నక్కరలేదు. కొత్త కోచ్ పత్రికలవారి యెదుట ఎర్రని టై కట్టుకొని నిలుచున్ననాడు, ఆ మనుష్యుడు తమకు 1997వ సంవత్సరమును తిరిగి తెచ్చి యిచ్చునని ఆ సభలోని వృద్ధులును, ఆ సంవత్సరమునకు పిమ్మట పుట్టిన వారి మనుమలును కూడ నమ్ముదురు. టామ్ ఆస్బోర్న్ అను మహాశిక్షకుడు ఇరువది యైదేండ్లలో 255 పోటీలు గెలిచి, 49 మాత్రమే ఓడి, మూడింట సమముగా నిలిచి, 1994, 1995, 1997 సంవత్సరములలో జాతీయ విజేత పదవిని సాధించి, ఆ చివరి విజయముతోనే విరమించిన సంవత్సర మది. వచ్చిన ప్రతి కోచ్‌ను ఆ కొలబద్దతోనే కొలుచుచున్నారు. ఆ కొలబద్దను తయారుచేసినవారినే దానితో కొలిచియుండినచో వారిలో ఒక్కరును మిగిలియుండెడివారు కారని నా నిశ్చితాభిప్రాయము.

బాబ్ డెవేనీ 1962లో వయోమింగ్ నుండి వచ్చునప్పటికి జట్టు వెనుకటి సంవత్సరము మూడే మూడు పోటీలు గెలిచియుండెను. మొదటి యేడే తొమ్మిది గెలిచి ఆయన దేవుడయ్యెను. కాని 1967లోను, 1968లోను గెలుపులు ఆరు, ఓటములు నాలుగు చొప్పున మాత్రమే మిగిలెను. రెండవ యేడు చివరి పోటీలో ఓక్లహోమా చేతిలో 47–0 తేడాతో చిత్తుగా ఓడిరి. నేటి దినములైనచో ఆ రాత్రికే ఆయన పెట్టె సర్దుకొనవలసివచ్చెడిది. అట్లుగాక ఆయన ఉండెను. తన వద్ద సహాయకుడుగా నున్న ఆస్బోర్న్ అను యువకుని చేత దాడి పద్ధతిని తిరిగి వ్రాయించెను. 1970, 1971 సంవత్సరములలో వరుసగా రెండుసార్లు జాతీయ విజేత యయ్యెను. పిమ్మట గద్దె నెక్కిన ఆస్బోర్న్ మాత్రము సుఖపడెనా? మొదటి యైదేండ్లును ఓక్లహోమా చేతిలో ఓడెను. మొదటి జాతీయ విజయము చేతికందుటకు ఆయనకు ఇరువది రెండు సంవత్సరములు పట్టినది. ఇరువది రెండు సంవత్సరములు! నేటి కోచ్‌లలో అనేకులకు ఇరువది రెండు నెలల వ్యవధియు చిక్కుట లేదు.

ఈ విషయమున నన్ను మిక్కిలి ఆలోచింపజేయునవి రెండు పందెములు. మొదటిది 1984 జనవరి 2వ తేదీ రాత్రి, మయామి నగరమున, ఆరెంజ్ బౌల్ పోటీలో జరిగినది. ఆ సీజనులో ఒక్క ఓటమియైన నెరుగక వచ్చిన నెబ్రాస్కా, చివరి నిమిషములో టచ్‌డౌన్ సాధించి, అనగా బంతిని ప్రత్యర్థుల చివరి గీత దాటించి, 31–30 వద్ద ఒక్క పాయింటు వెనుక నిలిచినది. బంతిని తన్ని ఆ ఒక్క పాయింటు తెచ్చుకొనినచో ఆట సమమగును. ఆ నాళ్లలో అదనపు సమయము లేదు గనుక, సమమైనను విజేత పదవి ఇంచుమించు వారిదే. ఆస్బోర్న్ అట్లు చేయలేదు. గెలువవలెననియే రెండు పాయింట్లకు ప్రయత్నించెను, విసరిన బంతి ప్రత్యర్థి చేతివ్రేళ్లకు తగిలి దారితప్పెను, పదవి పోయెను. ఆ నిర్ణయమును నెబ్రాస్కాలో నేటికిని ధైర్యమునకు దృష్టాంతముగా చెప్పుకొందురు.

రెండవది 2022 ఆగస్టు చివర, ఐర్లండు దేశపు డబ్లిన్ నగరమున, నార్త్‌వెస్టర్న్ జట్టుతో జరిగిన పోటీలోనిది. ఆస్బోర్న్ శిష్యుడును, 1997 జట్టుకు దాడిని నడపు క్వార్టర్‌బ్యాకును, నెబ్రాస్కాలోని వుడ్ రివర్ అను చిన్న యూరిలో పెరిగినవాడును అగు స్కాట్ ఫ్రాస్ట్ అప్పటికి కోచ్‌గా నుండెను. 28–17తో ముందంజలో నున్న సమయమున, బంతిని దూరముగా తన్నుటకు మారుగా పొట్టిగా తన్ని తానే తిరిగి చేజిక్కించుకొనవలెనని ఆయన పందెమొడ్డెను. బంతి చిక్కలేదు, పోటీ 31–28తో చేజారెను. ఆయనను ఎల్లరును అవివేకి యనిరి. పదునాలుగు రోజులకు జార్జియా సదరన్ అను చిన్న జట్టు చేతిలో 45–42తో ఓడిన మరునాడు ఉద్యోగము పోయెను. రెండు పందెములును ఓడినవే. అంకెలను బట్టి చూచినచో ఆస్బోర్న్ పోగొట్టినదే ఎక్కువ. ఐనను ఒకటి ధైర్యమయ్యెను, మరొకటి మౌఢ్యమయ్యెను. ఏలయన, ఆస్బోర్న్ వెనుక పదునొకండేండ్ల గెలుపుల నిలువ యుండెను. ఫ్రాస్ట్ వెనుక నాలుగేండ్ల ఓటముల బాకీ యుండెను. 2021లో అతని జట్టు ఓడిన తొమ్మిది పోటీలును తొమ్మిది పాయింట్లకు మించని తేడాతో ఓడినవేయనగా, ఆ అభిమానులు ఎంతగా విసిగియుందురో ఊహింపవచ్చును. నేనును వారిని తప్పుపట్టలేను.

తప్పుపట్టవలసినది అంతకు చాల ముందు జరిగినది. ఆస్బోర్న్ తరువాత గద్దెనెక్కిన ఫ్రాంక్ సోలిచ్, తాను కూడ ఒకప్పుడు ఆ ఎర్రని చొక్కాతోనే ఆడినవాడు. ఆరేండ్లలో 58 గెలిచి 19 ఓడెను. 2001లో జాతీయ విజేతను నిర్ణయించు పోటీ వరకు జట్టును నడపెను. 2003లో తొమ్మిది గెలుపులు, మూడు ఓటములతో సీజను ముగియగానే ఆయనను పంపివేసిరి. పెరటి చెట్టు మందుకు పనికిరాదని మనవా రూరక యనలేదు. మరుసటి యేడు కొత్త కోచ్ క్రింద గెలుపులు అయిదు, ఓటములు ఆరు అయ్యెను. ముప్పది యైదేండ్లుగా తప్పని సీజనాంతపు బౌల్ పోటీ తప్పిపోయెను. ఆ పిమ్మట బో పెలీనీ అనునతడు వచ్చి ఏడేండ్లపాటు ఏటేట తొమ్మిదింటికి తక్కువ కాకుండ గెలిచి, మొదటి యారేండ్లును సరిగా నాలుగేసి ఓడి, ఏడవ యేట మూడు ఓటములకే తొలగింపబడెను. నాలుగు ఓటములు ఎక్కువని ఆనాడు తొలగించినవారే, పిమ్మట నాలుగు గెలుపులు కనబడిన సంవత్సరమున నిట్టూర్చిరి.

కోచ్‌లను మార్చినచో కాలము మారునా? ఆ పాత వైభవమునకు గల కారణములలో కొన్ని కోచ్ చేతిలో నున్నవి, కొన్ని లేవు. 1969లోనే నెబ్రాస్కావారు ఆటగాండ్ర దేహబలము పెంపొందించుటకై ప్రత్యేకముగా బాయిడ్ ఎప్లీ అను శిక్షకుని నియమించిరి. ఇతరులు బరువులెత్తినచో కండరములు బిగుసుకొనిపోవునని భయపడుచున్న దినము లవి. ఆ రహస్యము నేడు ప్రతి కళాశాలలోను ఉన్నది. టెలివిజనులో కొలది జట్లే కనబడు కాలమున నెబ్రాస్కా తరచుగా కనబడెడిది. 1984లో అమెరికా సుప్రీం కోర్టు తీర్పు చెప్పిన మీదట అందరును కనబడుచున్నారు. వేతనము లేక, ఉపకారవేతనము కూడ లేక, తండ్రి పొలము విడిచి వచ్చి ఎర్రని చొక్కాకై పడియుండిన పల్లెటూరి కుర్రవాండ్ర బలము అప్పటి జట్టుది. 2021 జూలై నుండి ఆటగాడు తన పేరును అమ్ముకొని డబ్బు గడింపవచ్చును. నచ్చనిచో ఏటికొక కళాశాలకు మారవచ్చును. ఆటగాండ్ర హక్కుల దృష్ట్యా ఇది న్యాయమే. కోట్లు సంపాదించు ఆటలో ఆడువానికి మాత్రము చిల్లిగవ్వ లేకుండుట మునుపటి అన్యాయము. కాని టెక్సస్, కాలిఫోర్నియా, ఫ్లారిడా వంటి జనబాహుళ్యము గల సీమలకు దూరముగా, చలిగాలిలో నున్న లింకన్ నగరమునకు పదునెనిమిదేండ్ల కుర్రవానిని రప్పించి నాలుగేండ్లు నిలుపుకొనుట ఆస్బోర్న్ ఎరిగిన పని కాదు.

ఇక రూల్ సంగతి. టెంపుల్ విశ్వవిద్యాలయమున మొదటి యేడు రెండే గెలిచి మూడవ యేట పది గెలిచెను; బేలర్‌లో మొదటి యేడు ఒకటే గెలిచి మూడవ యేట పదునొకటి గెలిచెను. ఇంకేమున్నది, మూడవ సంవత్సరమున నెబ్రాస్కా వెలుగునని జనము పంచాంగము చూచుకొన్నట్లు లెక్క వేసికొనిరి. 2023లో అయిదు గెలుపులు. 2024లో ఏడు, వానిలో న్యూయార్కునందు బాస్టన్ కాలేజీపై 20–15తో గెలిచిన బౌల్ పోటీ ఒకటి. 2016 పిమ్మట వారు బౌల్ పోటీలో అడుగుపెట్టుట అదే మొదలు. మూడవ యేడగు 2025లో సాధారణ సీజను ఏడు గెలుపులు, అయిదు ఓటములతోనే ముగిసినది. జాతకము తప్పినది.

ఇచ్చట ఒక న్యాయమైన ఆక్షేపణ కలదు. అంతంత ధనము పుచ్చుకొనువాడు ఓర్పును కూడ ఉచితముగా కోరవచ్చునా? కోరరాదు. ఫ్రాస్ట్‌ను పంపుటకు చెల్లింపవలసివచ్చినది సుమారు 1 కోటి 50 లక్షల డాలర్లు. మరి ఇరువది రోజులాగినచో అందులో సగముతో సరిపోయెడిది. ఆ ఇరువది రోజులు కూడ ఆగలేని యాత్రమునకు వెల కట్టినచో అది. కనుక కోచ్‌ను ప్రశ్నింపుడు. అతని దాడి పద్ధతిని, అతడు ఎంచుకొన్న కుర్రవాండ్రను, చివరి నిమిషమున తీసికొన్న నిర్ణయములను నిలదీయుడు. అది టిక్కెట్టు కొన్నవాని హక్కు. ఆరెంజ్ బౌల్ నాటి ఆస్బోర్న్‌ను అతని ప్రక్కన నిలువబెట్టి మాత్రము కొలువవలదు. కొలువక తప్పదందురా, 1968 నాటి డెవేనీని నిలువబెట్టుడు.

2024 ఏప్రిలు నెలలో, వసంతకాలపు సన్నాహక పోటీనాడు, రూల్ ప్రోద్బలముతో విశ్వవిద్యాలయమువారు ఫ్రాంక్ సోలిచ్‌ను ఆహ్వానించి సత్కరించిరి. తనను పంపివేసిన 2003వ సంవత్సరమునకు పిమ్మట ఆయన ఆ స్టేడియములో అడుగుపెట్టుట అదియే మొదటిసారి.