బండ్లతోవను దున్నివేసిన వారెవరు?

మన జ్ఞాపక సంచికలలో రాణి మంగమ్మను గూర్చి ఒక వ్యాసము తప్పక వచ్చుచుండును. 1689లో మనుమని పేర మధురను పాలింప మొదలిడి, సుమారు పదునైదేండ్లు రాజ్యభారము వహించిన ఆ తెలుగు వనిత బాటలు వేయించినదనియు, చెట్లు నాటించినదనియు, బాటసారులకు సత్రములు కట్టించినదనియు చదివి సంతోషింతుము. ఈ దక్షిణదేశమున కొన్ని పాతబాటలకు నేటికిని ‘మంగమ్మాళ్ సాలై’ అనియే పేరు. ఇంత గొప్పగా చెప్పుకొను మనవారు, తమ ఊళ్ల నడుమ తాతలు విడిచిపోయిన బండ్లతోవలను ఏమి చేయుచున్నారు? ఈ ప్రశ్నను ఇచ్చట అడుగుటకే మేము పూనుకొంటిమి. కొందరికి నొప్పి కలుగును. కలుగనిండు.

మేము చెప్పదలచినది దాపరికము లేనిది. కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగరముల నడుమ నల్లరేగడి పొలములలోను, చెరువుకట్టల మీదను, ఏటిగట్ల వెంటను గల పాతతోవలను మోటారు వాహనముల పాలు చేయక, సైకిలు మీద పోవువారికిని, నడచి పోవువారికిని నిలిపి యుంచవలెను. ఇందుకు మొదట పూనుకొనవలసినది ప్రభుత్వము గాదు. ఆ తోవల కిరువైపుల భూములు గల మన కుటుంబములవారే.

గోదావరి ప్రాంతమువారు పుంత యనియు, గుంటూరు వైపువారు డొంక యనియు పిలుచుదానినే మన యిండ్లలో బండ్లతోవ యందుము. తాలూకా కచేరి కాగితములలో దానికి ‘వండిప్పాదై పోరంబోకు’ అని పేరు. పోరంబోకు అనగానే ఎవరిదియు గాని భూమి యని కొందరి తలంపు. పన్ను కట్టని భూమియే గాని అది దిక్కులేని భూమి గాదు. హక్కు ప్రభుత్వముది, అనుభవము ఊరందరిది. మద్రాసు రాజధానిలో 1905లో పుట్టిన ఆక్రమణల చట్టము నేటికిని తమిళనాట అమలులో నున్నది. చెరువుల ఆక్రమణలను తొలగించుటకు 2007లో వేరొక చట్టము వచ్చినది. చట్టములకు కొరత లేదు. కాగితముల నడుమ జీవితము గడిపిన మాకు తెలిసినంతలో, పటములో గీత యున్నంతకాలము తోవ చావదు. పటములో నుండి నేల మీద కానరానిచో, దానిని ఎవరో తిన్నారని అర్థము.

ఎట్లు తిందురో రైతుబిడ్డ లందరు ఎరిగినదే. మొదటి యేడు దుక్కి ఒక చాలు అవతలికి పోవును. మరుసటి యేడు గట్టు జరుగును. అది చూచి ఎదుటి పొలమువాడును తన గట్టు జరుపును. రెండు బండ్లు ఎదురుపడి తప్పుకొని పోయిన తోవ మనిషి యొక్కడు పట్టు కాలిబాట యగును. మిగిలినది సీమతుమ్మకు కాణాచి. “ఎద్దుబండ్లే పోయినవి గదా, బండ్లతోవ యెందుకప్పా?” అని మన పెద్దమనుషులే వాదింతురు. బండి పోయినంత మాత్రమున మనిషి పోయినాడా? బడికి పోవు పిల్ల పోయినదా? అగ్గిపెట్టెల కర్మాగారమునకు పనికిపోవు స్త్రీ పోయినదా?

వీరందరు ఇప్పుడు ఏ బాటను పోవుచున్నారు? కోవిల్‌పట్టికిని విరుదునగరమునకును నడుమ సుమారు 50 కిలోమీటర్ల దూరము. 7వ జాతీయ రహదారి యనబడి, ఇప్పుడు 44వది యైన బాట నాలుగు వరుసలుగా ఈ ఊళ్లను తాకుచు పోవుచున్నది. దానితో మాకు తగవు లేదు. వేగముగ పోవలసిన వారికి వేగమైన బాట కావలసినదే. కాని దాని మీద సైకిలు త్రొక్కుమని చెప్పువాడు మేలుకోరువాడు గాడు. లారీ దాటునపుడు వచ్చు గాలి చాలు, చేతిలోని హేండిలు తిరుగుటకు. ప్రక్కబాట కొంతదూరము పోయి ఆగును. అచ్చట సైకిలువాడు పెద్దబాట ఎక్కక తప్పదు. ఎక్కినచో ఎదురుదిక్కున వచ్చు మోటారు సైకిళ్లు. వెనుకటి చింతచెట్ల నీడయైన నున్నదా యనిన, నాలుగు వరుసలు వేయునపుడే అవి కొట్టివేయబడినవి. మంగమ్మను పొగడు వ్యాసములలో ఆ చెట్లను గూర్చి ఒక్క వాక్యమైనను మాకు కానరాలేదు.

ఇంకొక విడ్డూరము చూడుడు. తమిళనాడు ప్రభుత్వము 2001-02లో షెడ్యూల్డు కులముల, తెగల బాలికలకు ఉచితముగ సైకిళ్లిచ్చుట మొదలిడి, పిదప ప్రభుత్వ, సహాయ పాఠశాలలలో 11వ తరగతి చదువు పిల్లలందరికి దానిని విస్తరింపజేసినది. మంచి పని. ఇచ్చిన సైకిలును ఎచ్చట త్రొక్కవలెనో మాత్రము ఎవరును చెప్పలేదు. అంతకు ముందే, 1991లో, పుదుక్కోట్టై జిల్లా అక్షరాస్యతా ఉద్యమమున కలెక్టరు షీలారాణి చుంకత్ గారి ప్రోత్సాహముతో పల్లెస్త్రీలు వేలాదిగా సైకిలు నేర్చిరి. అక్షరముతో బాటు సైకిలును నేర్పవలెనని తోచుట సామాన్యము గాదు. నీళ్లు తెచ్చుకొనుటకు, సంతకు పోవుటకు, చంటిబిడ్డను వెనుక కూర్చుండబెట్టుకొని వైద్యునొద్దకు పోవుటకు మగవాని కొరకు కాచుకొనుట వారికి తప్పినది. మన యిండ్లలోనో, పెండ్లివారి ముందు సైకిలు దిగుట నామర్దా!

“సైకిళ్ల మీద ఊళ్లు తిరుగుట దొరల వినోదము” అని కొందరు వెక్కిరింతురు. ఆ దొరల దేశములలో అది ఎట్లు నడచుచున్నదో చూతము. జర్మనీలోని పాసౌ పట్టణమునుండి ఆస్ట్రియా రాజధాని వియన్నా వరకు డాన్యూబు నది వెంట 300 కిలోమీటర్లకు మించిన సైకిలుబాట గలదు. అందు చాల భాగము, పూర్వము పడవలను ఏటికి ఎదురుగా గుఱ్ఱములచే లాగించిన గట్టుతోవయే. పడవలు మరయంత్రములతో నడచుట మొదలైన పిమ్మట ఆ తోవ పనికిమాలినదైనది. వారు దానిని దున్నివేయలేదు. నేడు దాని వెంట రైతులు తమ యిండ్లలోనే యాత్రికులకు బస ఇచ్చి, భోజనము పెట్టి నాలుగు డబ్బులు గడించుచున్నారు. మన హైదరాబాదున 2023 అక్టోబరు 1వ తేదీన బాహ్యవలయ రహదారి ప్రక్క 23 కిలోమీటర్ల సైకిలుబాటను తెరచిరి. పైన సౌరవిద్యుత్తు పలకల కప్పు. ఎండకు కప్పు వేయవలెనను బుద్ధి మెచ్చదగినదే. కాని కోట్లు పోసి మోటారు హోరు ప్రక్క కట్టినదానికన్న, ఖర్చు లేక పైరుగాలి నడుమ మనకు దొరకియున్నది తక్కువదా?

ఏ తోవ యని అడుగువారికి మా సూచన యిది. విరుదునగరమునుండి కౌశికా నది దిక్కుగా కుల్లూర్‌సందై జలాశయము. అచ్చటినుండి అర్జునా నది మీది గోల్వార్‌పట్టి ఆనకట్ట. ఆపైన అర్జునా నది వైప్పారును కలియు ఇరుక్కన్‌గుడి. వైప్పారు గట్టున సాత్తూరు. సాత్తూరునుండి రైలుదారికి దూరము గాకుండ నల్లి మీదుగా కోవిల్‌పట్టి. 1876లోనే రైలు వచ్చిన సీమ. ఒక దిక్కున సైకిలు మీద పోయి అలసినవాడు తిరుగుప్రయాణమున రైలెక్కవచ్చును. కొండలు లేవు, ఎక్కుడు లేదు. సజ్జ, మినుము, పత్తి, మొక్కజొన్న చేలు కనుచూపు మేర. ఆడి మాసపు కడపటి శుక్రవారమునకు ఇరుక్కన్‌గుడి మారియమ్మ దర్శనమునకై వేలమంది నడచి వచ్చుచున్నారు. రాత్రివేళ లారీల నడుమ నడచు వారి ప్రాణములకును ఈ తోవయే రక్ష. ఏళ్లలో నీరు ఏడాదికి కొన్ని వారములే. కౌశికా నది విరుదునగరపు మురుగును మోయుచున్నది. దాచి చెప్పుట మా మతము గాదు. కాని జనము నిత్యము పోవు గట్టున మురుగు పారించుటకు కొంచెమైన సిగ్గుపడుదురు. ఎవరును పోని గట్టున ఏమైన చేయుదురు.

ఇక రేగడి సంగతి. ఈ వాదము నిజమైనది గనుక దీనికి సమాధానము చెప్పవలెను. ఐప్పసి, కార్తిక మాసములలో వాన పడిన పిమ్మట నల్లమన్ను చక్రమునకు పట్టి, మడ్‌గార్డులో దూరి, సైకిలును మనిషి భుజమున మోయవలసిన గతి తెచ్చును. వేసవిలో అదే మన్ను చేయి దూరునంత నెఱ్ఱెలు విచ్చును. సీమతుమ్మ ముల్లు టైరును చీల్చి ట్యూబును దిగును. అందుచేత తోవ నడుమ నాలుగడుగుల వెడల్పున కంకరమన్ను పోసి దిమ్మిస వేయింపవలెను. ఇరువైపుల నీరు పోవు కాలువ తీయవలెను. సీమతుమ్మను వేళ్లతో పెకలించి వేప, పుంగచెట్లు నాటవలెను. ఆడిగాలికి ఎదురు త్రొక్కుట కష్టమే. చెట్లు పెరిగినచో అదియు తగ్గును.

తారు వేయుడని మాత్రము అడుగవలదు. తారు పడినచో, మొదటి వారముననే టిప్పరు లారీ వచ్చును; వెనువెంట స్థలములు అమ్మువాని రంగురాళ్లు వచ్చును. ట్రాక్టరుకు తోవ విడువక తప్పదు, అది రైతు కాలు వంటిది. తోవ మొగమున ఇనుపకమ్మి అడ్డము పెట్టి, తాళము పంచాయతీలో నుంచినచో, కోతల దినములలో తెరచి, తక్కిన దినములలో మూయవచ్చును.

కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్‌న పుట్టిన కి. రాజనారాయణన్ గారు 1976లో ‘గోపల్ల గ్రామము’ అను తమిళ నవలలో తెలుగు కుటుంబములు దక్షిణమునకు వలసవచ్చి ఈ కరిసల్ సీమను ఊరు చేసిన కథను వ్రాసిరి. 2021లో వారు కాలధర్మము నొందిరి. ఆయన మనవాడని సభలలో చెప్పుకొనుచున్నాము. ఆయన వ్రాసిన నేలను చూడవచ్చినవానికి ఇప్పుడు కనిపించునది రహదారి నడిమి అరళి మొక్కలు మాత్రమే. ఒక తెలుగు ఊరినుండి ఇంకొక తెలుగు ఊరికి ఆడపడుచు వచ్చిపోయిన తోవ మూసికొన్నందున, బిడ్డలు బస్సెక్కి పట్టణమునకే పోవుదురు; ప్రక్క ఊరి మేనత్త యింటికి పోరు. అత్త యింట వినవలసిన తెలుగు వారి చెవిని పడదు. భాషాభిమానులు దీనిని గూడ లెక్కింతురుగాక.

పొలపు పటములను ఇప్పుడు ఇంటనుండియే కంప్యూటరులో చూడవచ్చును. రాబోవు అక్టోబరు 2వ తేదీ గ్రామసభకు ముందు, మన సభ్యులలో భూములు గలవారు తమ సర్వే సంఖ్యల ప్రక్క బండ్లతోవ గీత యున్నదా యని చూడుడు. ఉన్నచో, సర్వేయరు రాకమునుపే గట్టును వెనుకకు జరుపుడు. తోవను తిరిగి తెరువవలెనను తీర్మానమును సభలో మీరే ప్రతిపాదింపుడు. చేయనివారు వచ్చే సంచికలో రాణి మంగమ్మను గూర్చి వ్యాసము పంపకుందురుగాక.