అద్దెయిండ్లు కొనగోరు రైతులకు

ధాన్యము సొమ్ము చేతికి వచ్చిన వెంటనే బందరులోనో, గుడివాడలోనో, బెజవాడలోనో ఒక యిల్లు కొని అద్దెకిచ్చినచో నెలనెలకు తప్పని రాబడి యుండునను తలంపు నేడు మన సంఘ సభ్యులలో పలువురకు కలదు. ఆ తలంపు తప్పు కాదు. తుపాను వచ్చినను, కాలువ నీరు ఆలస్యమైనను ఆగని రాబడి యొకటి యుండవలెనని డెల్టా చివరిభూముల రైతు కోరుట సహజమే. అయితే చేను కొనునపుడు గట్టు, బోదె, మురుగుకాలువ, మన్ను, పొరుగు అన్నియు పరీక్షించు మనిషియే ఇల్లు కొనునపుడు గోడల రంగు జూచి బయానా యిచ్చుచున్నాడు. ఇది నాకు వింతగా నున్నది.

ముందుగా లెక్క చూతము. ఇరువది లక్షలకు ఒక యిల్లు కొన్నారనుకొందము. మన రాష్ట్రములో స్టాంపు సుంకము, రిజిస్ట్రేషను రుసుములన్నియు గలిపి నూటికి ఏడున్నర, అనగా మరి 1,50,000 రూపాయలు. నెలకు 6,000 అద్దె వచ్చినచో ఏటికి 72,000. ఏటిలో ఒక నెల యిల్లు ఖాళీగా నుండకపోదు. అందుకు 6,000 తీసివేయుడు. సున్నము, మోటారు, కుళాయి, పైకప్పు మరమ్మతులకు సగటున 15,000, ఇంటిపన్నుకు 3,000 వేయుడు. మిగులునది 48,000. మీరు పెట్టిన 21,50,000 మీద ఇది నూటికి రెండుంబావు కూడ కాదు. బ్యాంకులో స్థిరనిక్షేపముంచినను ఇంతకంటె ఎక్కువ వచ్చును. ఈ యంకెలు ఉదాహరణకు మాత్రమే. మీ యింటి యంకెలు వేసికొని చూడుడు. అద్దెను పూర్తి లాభముగా నెంచుట, విత్తనము, ఎరువు, కోతకూలి లెక్కింపక పండిన బస్తాలన్నియు లాభమనుటయే. పైగా ఇల్లు పొలము వంటిది కాదు. పొలము చక్కగా చేసిన కొలది బాగుపడును. ఇల్లు ఊరకున్నను పాడగును.

ఆదాయపు పన్ను సంగతియు మరువరాదు. పంట రాబడిమీద ఆ పన్ను లేకుండుటచే మనకు దాని యలవాటు లేదు. ఇంటి అద్దె వ్యవసాయాదాయము కాదు. చెల్లించిన ఇంటిపన్ను పోగా మిగిలినదానిలో నూటికి 30 వంతులు మినహాయించి తక్కినది మీ యితర ఆదాయముతో జేర్చి లెక్కింతురు.

ఇక అప్పు మాట. ఈ విషయమున నేను కఠినముగా జెప్పవలసియున్నది. పొలము తనఖా బెట్టి పట్టణములో ఇల్లు కొనవలదు. పదునైదు లక్షలు నూటికి 9 వడ్డీకి తెచ్చినచో మొదటి యేటి వడ్డీయే 1,35,000. పైన జెప్పిన యింటి అద్దె మొత్తము దానిలో కొంచెము మించి సగము. మిగిలిన సగము మీ వడ్లును, మినుములును చెల్లింపవలెను. ఒక్క యేడు పంట పోయినచో పొలము, ఇల్లు రెండును ఒకమారే చిక్కులో పడును. సంఘమిచ్చు పైరు ఋణము తెచ్చి బయానాగా నిచ్చుట మరింత చెడుగు. సకాలమున చెల్లించినవానికి గల వడ్డీ రాయితీ పైరు కొరకే గాని మేడ కొరకు గాదు. మీరు తిప్పిన సొమ్ము మరియొక సభ్యుని నాటుకు అందకపోవచ్చును.

“అద్దె తక్కువైనను వెల పెరుగును గదా” యని కొందరందురు. పెరుగవచ్చును. 2014 లో రాష్ట్రము విడిపోయిన తరువాతను, 2016 లో సచివాలయము వెలగపూడికి వచ్చినపుడును బెజవాడలో అద్దెలు పెరిగినవి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రకటన రాగానే తుళ్లూరు ప్రాంతమున ఇండ్లు ఖాళీ యయినవి. 2024 తరువాత పనులు మరల సాగుచున్నవి. ఈ మధ్యకాలమున వడ్డీ కట్టగలిగినవాడు నిలిచెను. కట్టలేనివాడు నష్టమునకు అమ్ముకొనెను. మన బందరు రేవునకు 2008, 2019, 2023 సంవత్సరములలో మూడుమార్లు శంకుస్థాపన జరిగినది. మొదటి రాయి నాడే స్థలము కొన్నవాడు ఎన్నేండ్లు కాచుకొనెనో లెక్కింపుడు. రేవు వలదనుట నా యుద్దేశము గాదు. శంకుస్థాపన రాయి అద్దె చెల్లింపదు.

కావున మొదట “ఈ యింట ఎవరుందురు?” అని యడుగుకొనుడు. అవనిగడ్డ, చల్లపల్లి, మోపిదేవులలో అద్దెకుండువారు ఉపాధ్యాయులు, బ్యాంకు, ఆసుపత్రి ఉద్యోగులు, చిల్లర వ్యాపారులు. వీరికి కావలసినది చిన్న పోర్షను, మంచినీరు, విడి కరెంటు మీటరు, రాకపోకలకు బస్సు. సొంత స్థలము రోడ్డుప్రక్క నున్నవారు అందులో రెండు పోర్షనులో, రెండు దుకాణపు గదులో కట్టుట పట్టణములో అపార్టుమెంటు కొనుటకంటె మేలని నా నమ్మకము. స్థలమునకు వెల లేదు, రిజిస్ట్రేషను ఖర్చు లేదు, మరమ్మతు మీ కంటియెదుట జరుగును. మోపిదేవి స్వామివారి యాత్రికులకై గదులు కట్టుదుమనువారున్నారు. అది అద్దెయిల్లు గాదు, సత్రపు వ్యాపారము. రోజూ ఊడ్చి, దుప్పట్లు ఉతికించు మనిషి యుండినగాని సాగదు.

మన్ను గూర్చి చెప్పక మానలేను. మన నల్లరేగడి తడిసిన ఉబ్బును, ఎండిన నెఱ్ఱెలు విచ్చును. చాలని పునాదిపై కట్టిన గోడ మూడు వేసవులలో బీటవారును. సముద్రమునకు దగ్గరి గ్రామములలో బోరునీరు ఉప్పన. ఆ నీటితో కలిపిన కాంక్రీటులో ఇనుము త్రుప్పుపట్టి పెచ్చులూడును. గోడకు చౌడెక్కిన యింట మంచి అద్దెదారు నిలువడు. కొనబోవు యింటిని వేసవిలో గాక వానలలో పోయి చూడుడు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన మన దివిసీమ మరువలేదు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి బెజవాడ సింగునగరములో క్రింది యంతస్తులు రోజుల తరబడి నీటనున్నవి. ఇరుగుపొరుగువారిని అడిగిన నీరెంతవరకు వచ్చెనో గోడమీద వ్రేలుపెట్టి చూపుదురు. వారి వ్రేలు మధ్యవర్తి మాటకంటె నమ్మదగినది.

కాగితములలో ఈసీ, లింకు దస్తావేజులు, ప్లాను మంజూరు, ఇంటిపన్ను రసీదు తప్పక చూడవలెను. ఆ సర్వే నంబరు 22-ఏ నిషేధ జాబితాలో నున్నదేమో రిజిస్ట్రారు కార్యాలయములో విచారింపుడు. దేవాలయ భూములు, ప్రభుత్వ భూములు మన వైపున తక్కువేమియు గావు. అన్నదమ్ముల ఉమ్మడి యిల్లయినచో అందరి సంతకములును, ఆడపడుచులవి సహా, ఉండవలెను.

అద్దెదారునితో వ్రాత లేకుండ నోటిమాటపై నడుచుట మన యలవాటు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ప్రకారము ఏడాదికి మించిన కౌలు రిజిస్టరు కావలెను. పదునొకండు నెలల కరారు వ్రాసికొనుట అందుచేతనే వాడుకలోనికి వచ్చినది. అద్దె, అడ్వాన్సు, కరెంటు బిల్లు ఎవరిది, ఖాళీ చేయుటకు ఎన్నిదినముల ముందు తెలుపవలెను అనునవి అందులో నుండవలెను. అడ్వాన్సు సొమ్మును ఎరువులకు వాడుకొనక వేరుగా బ్యాంకులో నుంచుడు. అతడు వెళ్లునాడు అడుగును, ఆ నాడు మీ కోతలు కాకపోవచ్చును. ప్రతి నెలకును రసీదు నిండు.