కౌన్సెలర్ గదిలో మాట ఇంటికి ఎందుకు రాదు?

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం 2025 వేసవిలో మానసిక ఆరోగ్యంపై రెండు చట్టాలు తెచ్చింది. మొదటిదాని ప్రకారం 2027-28 విద్యా సంవత్సరం నుంచి ప్రభుత్వ పాఠశాలల్లో 3 నుంచి 12వ తరగతి వరకు పిల్లలకు ఏటా మానసిక ఆరోగ్య స్క్రీనింగ్ జరపాలి. వద్దనుకునే తల్లిదండ్రులు మినహాయింపు తీసుకోవచ్చు. రెండోది ఏఐ చాట్‌బాట్‌లతో థెరపీ అందించడాన్ని నిషేధించింది. ఉల్లంఘిస్తే 10,000 డాలర్ల వరకు జరిమానా ఉంటుంది. షికాగో శివార్లలోని తెలుగు ఇళ్లకు ఈ చట్టాలు నేరుగా వర్తిస్తాయి. మిగతా రాష్ట్రాల్లో ఉన్న మనకూ ఇవి ఒక ప్రశ్న వేస్తున్నాయి. మీ అబ్బాయికో అమ్మాయికో సాయం అవసరమని రేపు స్కూలు చెబితే మనం ఏం చేస్తాం?

అవసరం చిన్నదేమీ కాదు. సీడీసీ 2023లో జరిపిన సర్వేలో హైస్కూలు విద్యార్థుల్లో నూటికి 40 మంది చాలాకాలంగా దిగులు, నిరాశతో ఉన్నామన్నారు. నూటికి 20 మంది ఆత్మహత్య గురించి తీవ్రంగా ఆలోచించామన్నారు. అమ్మాయిల్లో దిగులు చెప్పినవారు సగానికి పైనే. ‘మా వాడికి అన్నీ ఏ గ్రేడ్లే కదా’ అనేది దీనికి జవాబు కాదు. మార్కులు బాగుండి లోపల కుంగిపోతున్న పిల్లలు ఉంటారు. పైగా మన పిల్లల్లో చాలామందికి తోటి అమెరికన్ పిల్లలకు లేని బెంగ ఒకటుంది. హెచ్4 వీసా మీద పెరిగినవారికి 21 ఏళ్లు నిండితే ఆ హోదా పోతుంది. పెరిగిన ఊళ్లోనే ఉండగలమో లేదో తెలియకుండా కాలేజీ దరఖాస్తులు నింపే పిల్లలు మన మధ్యే ఉన్నారు.

మొదటి గంటలో ఏం జరుగుతుంది?

టీనేజర్లతో పనిచేసే కౌన్సెలర్ సమస్య గురించి అడగడానికి ముందు ఒక నియమం చెబుతారు. ‘ఇక్కడ నువ్వు చెప్పింది ఇక్కడే ఉంటుంది. నీ ప్రాణానికి ప్రమాదం ఉన్నా, నీవల్ల ఇంకొకరికి ప్రమాదం ఉన్నా, ఎవరైనా నిన్ను హింసిస్తున్నా మాత్రం నేను ఊరుకోలేను.’ ఈ మాట తల్లిదండ్రుల ఎదుటే చెబుతారు. మనకు చివుక్కుమనేది ఇక్కడే. ఫీజు కట్టేది మనం, కారులో దింపేది మనం. లోపల ఏం మాట్లాడారో మనకు చెప్పరా?

చెప్పరు. చికిత్స నిలబడేది దాని మీదే. చాలామంది పిల్లలు ఆ గదిలోకి ఇష్టపడి రారు. ‘అమ్మ తీసుకొచ్చింది’ అని ముడుచుకుని కూర్చుంటారు. 1983లో విలియం మిల్లర్ మొదలుపెట్టిన మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అనే పద్ధతి ఇలాంటిచోట పనికొస్తుంది. ‘అమ్మ సంగతి సరే, నీకు ఏం మారితే బాగుంటుంది?’ అని కౌన్సెలర్ అడుగుతారు. సలహా ఇవ్వరు, తప్పు పట్టరు. మారాలన్న కోరిక పిల్లవాడి నోటి నుంచే వచ్చేదాకా ఆగుతారు.

ఆ తర్వాతి పని చాలాసార్లు సీబీటీతో సాగుతుంది. 1960లలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆరన్ బెక్ రూపొందించిన పద్ధతి ఇది. కెమిస్ట్రీలో బి వచ్చింది. ఇక మంచి కాలేజీ రాదు. నాన్న పడ్డ కష్టమంతా వృథా. నేనెందుకూ పనికిరాను. ఈ గొలుసు పిల్లవాడి తలలో రెండు సెకన్లలో పూర్తవుతుంది. కౌన్సెలర్ దాన్ని కాగితం మీద పెట్టించి, ఒక్కో లింకుకీ రుజువేమిటని అడుగుతారు. భయపడి తప్పించుకుంటున్న పనిని చిన్న చిన్న మెట్లుగా చేయిస్తారు. మధ్యలో హోంవర్క్ కూడా ఉంటుంది.

ఆ గొలుసులో నాన్న పేరుంది, గమనించండి. మనకు ఎప్పటికప్పుడు రిపోర్టు వెళుతుందని తెలిస్తే ఆ లింకు బయటికి రాదు. అది రాకపోతే చికిత్స మొదలుకాదు.

మనకూ చోటుంది

అలాగని తల్లిదండ్రులను కౌన్సెలర్ బయటే ఉంచేయరు. మార్షా లైనహన్ రూపొందించిన డీబీటీని జిల్ రేథస్, అలెక్ మిల్లర్ టీనేజర్లకు అనువుగా మలిచారు. అందులో నైపుణ్యాల క్లాసులకు తల్లిదండ్రులూ పిల్లల పక్కనే కూర్చుంటారు. అక్కడ నేర్పే ముఖ్యమైన పాఠం ఒకటుంది. పిల్లల బాధను గుర్తించడం వేరు, వాళ్లు చేసిందాన్ని ఒప్పుకోవడం వేరు. ‘ఇంత చిన్నదానికి ఏడుపా? మా రోజుల్లో…’ అంటే మాట తెగిపోతుంది. ‘ఇది నీకు కష్టంగా ఉందని అర్థమవుతోంది’ అంటే మాట సాగుతుంది. రాత్రి పన్నెండు దాకా ఫోన్ చూడటానికి ఒప్పుకోనక్కర్లేదు.

చాట్‌బాట్ ఎందుకు గెలుస్తోంది?

సాధారణ చాట్‌బాట్‌తో పిల్లలు బాధలు చెప్పుకోవడాన్ని ఇల్లినాయ్ చట్టం ఆపలేదు. సాఫ్ట్‌వేర్ వృత్తిలో ఉన్నవాడిగా నాకు అందులో ఆకర్షణ తెలుసు. అర్ధరాత్రి రెండింటికీ పలుకుతుంది. విసుక్కోదు. అడిగినవారు మెచ్చేలా జవాబివ్వడానికి శిక్షణ పొందింది కాబట్టి తప్పుడు ఆలోచనకూ తలూపే ప్రమాదం ఉంది. వేసవిలోనూ పొడుగు చేతుల చొక్కా ఎందుకు వేసుకున్నావని అడగదు. లైసెన్సు పోతుందన్న భయం దానికి లేదు.

అయినా పిల్లలు దాని దగ్గరికి వెళ్లడానికి ఒక పెద్ద కారణం, చెప్పిన మాట ఇంటికి రాదన్న నమ్మకం. ఎవరికీ చేరని చోట మాట్లాడుకోవాలని ఆ వయసులో అందరికీ ఉంటుంది. శిక్షణ ఉన్న మనిషి దగ్గర ఆ చోటు దొరకనివ్వకపోతే, ఏ బాధ్యతా లేని యంత్రం దగ్గర వెతుక్కుంటారు.

18 నిండితే

కాలేజీకి వెళ్లే పిల్లల విషయంలో నియమాలు ఇంకా గట్టివి. 18 నిండితే వైద్య వివరాలపై హక్కు వారిదే. కొన్ని రాష్ట్రాల్లో అంతకుముందే మొదలవుతుంది. వాషింగ్టన్‌లో 13 ఏళ్లకు, తగిన పరిణతి ఉంటే కాలిఫోర్నియాలో 12 ఏళ్లకు, పిల్లలు సొంతంగా కౌన్సెలింగ్‌కు ఒప్పుకోవచ్చు. అందుకే హాస్టల్‌కు సామాను సర్దేటప్పుడే అత్యవసరంలో ఎవరితో మాట్లాడవచ్చో తెలిపే అనుమతి పత్రం గురించి అడగండి. సంతకం పెట్టాలా వద్దా అన్నది వారిష్టం.

కౌన్సెలర్ లైసెన్సు రాష్ట్రానికి సంబంధించినది. డాలస్‌లో చూసే కౌన్సెలర్ పిల్లవాడు బోస్టన్ వెళ్లాక వీడియోలో కొనసాగించాలంటే సాధారణంగా అక్కడా అనుమతి ఉండాలి. కాలేజీ మొదలవక ముందే ఇది తేల్చుకోవాలి. 26 ఏళ్ల వరకు మన ఇన్సూరెన్స్‌లోనే ఉంటారు కాబట్టి బిల్లు వివరాలు ఇంటికి రావచ్చు. అది చూసి ఆరా తీయవద్దు. ఇక్కడ చదువుకోవడానికి వచ్చిన మన విద్యార్థులకూ ఒక మాట: కౌన్సెలింగ్‌కు వెళ్లడం ఒక్కటే వీసాకు అడ్డు కాదు. చాలా క్యాంపస్‌లలో సొంత కౌన్సెలింగ్ కేంద్రం ఉంటుంది.

కౌన్సెలర్‌ను ఎంచుకునేటప్పుడు మనం అడగవలసినవి ఉన్నాయి. ఏ లైసెన్సు ఉంది? టీనేజర్లతో ఎన్నాళ్లుగా పనిచేస్తున్నారు? ఏ పద్ధతి వాడతారు? మమ్మల్ని ఎప్పుడు పిలుస్తారు? వీటికి సూటిగా జవాబిచ్చేవారి దగ్గర పిల్లల్ని వదలండి. బయటికి వచ్చాక కారులో ‘ఏం చెప్పావు’ అనకండి, ‘ఏం తిందాం’ అనండి. చెప్పాలనిపించిన రోజు వాళ్లే చెబుతారు.

ప్రాణానికి ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగవద్దు. అమెరికాలో ఎక్కడి నుంచైనా, ఏ వేళనైనా 988కి ఫోన్ చేయవచ్చు, మెసేజ్ పంపవచ్చు. ఆ నంబర్ మీ ఫోన్‌లోనూ, పిల్లల ఫోన్‌లోనూ ఈరోజే వేసి పెట్టండి.